మూడు మిల్లీమీటర్ల మాస్టారు

రెండు వస్తువులు పక్కపక్కన కనబడితే చాలు, సైన్సు మాస్టారి చెయ్యి చొక్కా జేబులోని స్టీలు స్కేలు మీదికి పోతుంది. మధ్య ఎడం కొలవందే ఆయనకు ఊపిరాడదు. లేకపోతే మొన్న బడిలో సైన్సు ప్రదర్శన నాడు అలా చేస్తాడా? నీళ్లలోంచి కరెంటుతో గ్యాసు తీసే సీసా ఆయన సొంతంగా చేసింది. దాని ముందు "తయారీ: హెడ్మాస్టరు" అని చీటీ. మరొకరైతే బల్ల ఎత్తి పడేసేవారు. ఈయన వంగి, చీటీకీ సీసాకీ మధ్య ఎడం సరిచేసి వచ్చాడు.

ఆయన భార్యా అదే బడిలో లెక్కల టీచరు. ఆవిడకు ఒళ్లు మండిపోయింది.

"మీకు సిగ్గు లేకపోతే పోనీ, కోపమైనా రావాలి కదండీ."

"ఎందుకే? బుడగలు చక్కగా వచ్చాయిగా."

ఆ బుడగల కోసం ఇంట్లో ఎంత విధ్వంసం జరిగిందో ఆవిడకే తెలుసు. స్టీలు డబ్బాల మూతలు సీసాలో కరెంటు పలకలైపోయాయి. పలకల మధ్య పెట్టడానికి కుళాయి వాషర్లు ఊడదీశాడు. కుళాయి ఇప్పటికీ కారుతోంది. వంటసోడా నీళ్లలో కలపడానికే తప్ప వంటకు మిగలదు. అడిగితే పాఠం మొదలు. "పలకలు మరీ దగ్గరైతే బుడగలు పైకి పోలేక మధ్యలో ఇరుక్కుని దారి మూసేస్తాయి. మరీ దూరమైతే అంత నీళ్లు దాటలేక కరెంటు నీరసపడుతుంది. మూడు మిల్లీమీటర్లు. అంతే." ఈ ముక్క కూరలమ్మికి చెప్పాడు, వియ్యంకుడికి చెప్పాడు, పన్ను పీకుతున్న డాక్టరుకు కూడా చెప్పబోయాడు. ఇద్దరి దిండ్ల మధ్యా స్కేలు పెట్టిన రోజున ఆవిడ సంచి సర్దుకుంది.

"ఎక్కడికే?"

"పుట్టింటికి. ఆ స్కేలుతో కాపురం చేసుకోండి."

రెండ్రోజులకే తిరిగొచ్చింది. ఇవన్నీ ఓర్చుకుంది గానీ, ఒక్కటి ఓర్చుకోలేకపోయింది. మార్కులు తక్కువొచ్చిన పిల్లల బెంచీలు వెనక గోడకు చేర్చమన్నాడు హెడ్మాస్టరు. మధ్యలో సైకిలు తొక్కేంత ఖాళీ. అక్కడికి బోర్డూ కనబడదు, మాటా వినబడదు. మీటింగులో ఆవిడ ఒక్కతే గొంతు చించుకుంది. మొగుడు ఆసాంతం టీ కప్పుల మధ్య ఎడం కొలుస్తూ కూర్చున్నాడు. ఆ తర్వాత ఆయన పొద్దున్నే బడికి పరిగెత్తడం, నడుం పట్టుకుని ఇంటికి రావడం మొదలైంది. ఎందుకని అడగడానికి ఆవిడ ఆయనతో మాట్లాడితేగా.

ఒకనాడు మొదటి గంటకే పక్క క్లాసులో అరుపులు. ఆవిడ గుమ్మం దగ్గరికెళ్లింది.

"రోజూ బెంచీలు జరుపుతున్నది మీరా?" హెడ్మాస్టరు.

"అవునండీ. ఎడం తప్పింది."

"ఇది క్లాసు, మీ సీసా కాదు. వీళ్లు మొద్దులు. ముందుకొస్తే మిగతావాళ్లు చెడిపోతారు."

మాస్టారు బల్ల మీద సీసా పెట్టి బ్యాటరీ తగిలించాడు. బుగబుగా బుడగలు. ఒక పలకను సీసా అవతలి అంచుకు లాగాడు. బుడగలు సన్నబడిపోయాయి.

"ఈ పలక మొద్దుదంటారా సార్?"

మాస్టారు దాన్ని మళ్లీ దగ్గరికి జరిపాడు. మళ్లీ బుడగలు.

"మా ఇంట్లో డబ్బా మూతే. ఇందాకటిదే."

"ఇప్పుడది పాసైపోయింది సార్," అంది గోడ బెంచీ నుంచి వచ్చిన పిల్ల. క్లాసంతా గొల్లుమంది.

సాయంత్రం హెడ్మాస్టరు బెంచీల్ని మళ్లీ గోడకు తోయించాడు. మర్నాడు పొద్దున మాస్టారు ఒక బెంచీ కొన ఎత్తేసరికి రెండో కొన తేలిగ్గా లేచింది. చూస్తే భార్య.

"ఎంత ఎడం? మూడు మిల్లీమీటర్లా?"

"మూడు జానలు. పిల్లలు లేచి బయటికి రావద్దూ?"

పలకను గోడకు నెట్టి, బుడగలు రాలేదని పలకనే తిట్టే బడులు ఇంకా ఉన్నాయి. మీ పిల్లల బడికి వెళ్లినప్పుడు మార్కులు తర్వాత అడగండి, ముందు చివరి బెంచీ ఎక్కడుందో చూడండి. దూరంగా ఉంటే జరపండి. స్కేలు లేకపోయినా ఫర్వాలేదు. రెండో కొన పట్టే మనిషిని మాత్రం వెంట తీసుకెళ్లండి, ఆ బెంచీలు మహా బరువు.