ఎడమ భుజం

పురానాపూల్ దగ్గర బర్రెలకు మేతేసి, చేతులు కడుక్కుని, కొంగు నడుముకు బిగించి నడిచొస్తుంటే చంద్రకళమ్మ ఇప్పటికీ పరేడ్‌కు వస్తున్నట్టే ఉంటుంది. పోలీసు కొలువులో ఉన్నన్నాళ్లూ ఫైరింగ్‌లో ఆమెతో పోటీకి నిలబడ్డవాళ్లు తక్కువ. రిటైరయ్యాక గురి మొద్దుబారకూడదని, డాబా మీద ఇసుక బస్తాకు కాగితం అంటించి కొట్టుకునేందుకు ఎయిర్‌గన్ కొనబోయింది. చార్మినార్ దగ్గరి దుకాణంలో ఖలీల్ భాయ్ దుర్బీను బిగించిన తుపాకి ముందు పెట్టాడు. "మస్తు దూరం కనిపిస్తది అమ్మా."

"చూసుడు నా పని భాయ్. దుర్బీను తీసెయ్."

తుపాకి ఎంచడంలో ఆమె పద్ధతే వేరు. కళ్లు మూసుకుని భుజానికెత్తి, చెంప ఆన్చి, అప్పుడు తెరుస్తుంది. గురి తనంతట తానే కంటి ముందుకొస్తే ఆ తుపాకి తనది. అట్లాగే ఎత్తి, కళ్లు తెరిచి, తుపాకి కిందికి దించింది.

"ఏందమ్మా, కుదర్లేదా?"

"తుపాకి మంచిదే. నేనే తప్పు భుజానికెత్తిన."

షుగర్ ఆమె కుడికన్నును మసకబార్చి ఏడాదవుతోంది. అలవాటుకు మాత్రం ఆ సంగతి ఇంకా తెలియలేదు. తుపాకిని ఎడమ భుజానికి మార్చింది. కుడిచేతివాళ్ల కోసం ఒకపక్క ఉబ్బెత్తుగా చెక్కిన వెనక చెక్క, ఎడమ చెంపకు ఆనలేదు. ఒక్కోటీ ఎత్తి చూసి పక్కన పెడుతూ పోయింది. చివరికి మూలన, రెండుపక్కలా ఒకేలా ఉన్న సాదా చెక్క తుపాకి దొరికింది. కళ్లు మూసి, తెరిచి, నవ్వింది.

"ఇంకా ఎందుకమ్మా ఈ తిప్పలు? రిటైరైనవ్ గదా!"

"కుడికన్ను రిటైరైంది భాయ్. ఎడమది ఇయ్యాలనే భర్తీ అయింది."