బొగ్గూ కాదు, బియ్యమూ కాదు

మా ఇబ్రహీంపట్నానికి రైలు లేదు. పట్టాలు లేవు, స్టేషను లేదు, ఉన్నదల్లా బస్టాండే. అయినా మా ఇల్లెక్కడని అడిగితే పాలవాడి దగ్గర్నుంచి పార్సిల్ తెచ్చేవాడి దాకా అందరూ చెప్పేది ఒకటే: "రైలోళ్ల ఇల్లు." నేను పెళ్లయి రెండు గల్లీల అవతలికి వెళ్లినా ఆ పేరు నన్ను వదల్లేదు. నా టైలరింగ్ షాపుకు ముచ్చటపడి వేరే పేరుతో బోర్డు రాయించుకున్నాను. ఎవరూ చదవరు. "రైలోళ్ల బిడ్డ తాన కుట్టిచ్చిన" అంటారు. మొదట్లో ఒళ్లు మండేది. ఇప్పుడు ఎవరైనా ఆ మాట అనకపోతే మండుతుంది.

ఆ పేరు తెచ్చినవాడు మా బాపు. వయసులో ఉండగా కాజీపేటలో బొగ్గు ఇంజన్ల మీద ఫైర్‌మన్‌గా చేశాడు. అంటే ఇంజను పొయ్యిలోకి పారతో బొగ్గు వేయడం ఆయన పని. భూమి ఉన్న ఇంటి కొడుకు నాగలి వదిలేసి పార పట్టాడని మా తాత చాన్నాళ్లు ఆయనతో మాట్లాడలేదట. "సొంత పొలంల మట్టి ఎత్తనోడు సర్కారు బొగ్గు ఎత్తుతుండు" అని ఊరంతా చెప్పుకుని తిరిగాడట. బొగ్గు ఇంజన్లు పోయాక బాపు రైల్వేలోనే వేరే పనులు చేసి రిటైరై, ఇక్కడికొచ్చి ఇల్లు కట్టుకున్నాడు. ఆ తర్వాతి ఉద్యోగాల గురించి అడిగితే "ఏదో చేసిన తియ్" అంటాడు. బొగ్గు ఇంజను సంగతి ఎత్తితే మాత్రం అన్నం చల్లారిపోవాల్సిందే.

మా అమ్మది పక్క ఊరు మంచాల. పెళ్లయి కాజీపేట క్వార్టర్‌కు వెళ్లిన కొత్తలో, ఒక్కసారి నీ బండి ఎక్కించవా అని బాపును అడిగిందట. బాపు పని చేసేది గూడ్సు బండ్ల మీద. ఆయన పగలబడి నవ్వి, "నాది గూడ్స్ బండే. నువ్వేమన్న బొగ్గువా, బియ్యమా, ఎక్కియ్యనీకి?" అన్నాడట.

ఆయన అని మరిచిపోయాడు, ఆమె విని మరిచిపోలేదు. మేము సినిమాకు పోయి ఆమెను తీసుకుపోకపోతే, "నేనేమన్న బొగ్గునా, బియ్యమా" అంటుంది. పెళ్లి ఫోటోలో ఆమెను పక్కకు నిలబెడితే అదే మాట. చివరికి మా ఇంట్లో అదొక సామెత అయిపోయింది. నా షాపులో కుట్టే పిల్లలు కూడా టీ తమకు అందకపోతే అదే అంటారు, అది ఎక్కడ పుట్టిందో తెలియకుండానే. అందరం నవ్వేవాళ్లం. అమ్మ కూడా నవ్వేది, కానీ అందరికన్నా ముందే ఆపేసేది. అది నేను చూశాను.

అందుకే మూలపడిన ఒక పాత బొగ్గు ఇంజన్ను బాగుచేసి, శని ఆదివారాల్లో సికింద్రాబాద్ నుంచి వికారాబాద్ దాకా జనాన్ని ఎక్కించుకుని తిప్పుతున్నారని ఫోనులో చూడగానే, కత్తిరిస్తున్న జాకెట్టు గుడ్డ అక్కడే పడేసి పుట్టింటికి పరుగెత్తాను. గూడ్సు కాదు, మనుషులెక్కే బండి. అమ్మ చేతిలో ఫోను పెట్టి ఆ వీడియో చూపించాను. ఇంజను పొగ వదులుతూ కూత పెట్టింది. అమ్మ మళ్లీ పెట్టమంది, మళ్లీ చూసింది.

"మీ బాపు వస్తడా?" అని మాత్రం అడిగింది.

ఎందుకు రాడు, ఎగిరి గంతేస్తాడనుకున్నాను. బాపు సంగతి తెలిసి కూడా అలా అనుకోవడం నా తెలివితక్కువతనం.

"నేను రాను" అన్నాడు, పేపరులోంచి తల ఎత్తకుండానే.

"ఎందుకు బాపు?"

"ఇంజన్ మీద నా జాగ ముంగట. టికెటు కొనుక్కొని ఎనక డబ్బల కూసోని, ఎవడో బొగ్గేస్తుంటె కిటికీలకెళ్లి తొంగిచూడాల్నా? మీరు పోయి రండ్రి."

"అమ్మ కోసమన్న రావా?"

"మీ అమ్మకేమొచ్చింది? కూసునుడే గద. నేను లేకుంటె బండి కదలదా?"

నాకు ముక్కు మీద కోపం. ఆయన దగ్గర్నుంచి వచ్చిందే. ఇద్దరం ఇల్లు పీకి పందిరేశాం. నువ్వు మనిషివేనా అని నేను, నీకు చెప్పేటంత పెద్దగయినవా అని ఆయన. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. మా ఇంట్లో ఇద్దరు మొండివాళ్లుండడంతో ఎవరూ గెలవలేదు. అమ్మ మాత్రం వంటింట్లోంచి బయటికొచ్చి, "టికెట్లు మూడు తియ్ బిడ్డ. రాకుంటె సీటు కాళీగ పోతది. గా సీట్ల సంచి పెట్టుకుంట" అని లోపలికి వెళ్లిపోయింది.

ఆ రోజు నుంచి మా ప్రయాణం ఏర్పాట్లు మొదలయ్యాయి. ఏర్పాట్లంటే అన్నీ అమ్మవే, పరుగులు నావి. సర్వపిండి చేయాలి, అది చల్లారినా బాగుంటుంది. పులిహోర చేయాలి. మామిడికాయ తొక్కు వేరే డబ్బాలో పెట్టాలి, నూనె కారకుండా. కిటికీ పక్క సీటే కావాలి. అన్నిటికన్నా ముఖ్యం చీర. బీరువాలో ఉన్నవన్నీ ముందేసుకుని, చివరికి మీగడ రంగు చీర తీసింది.

"అమ్మా, బొగ్గు బండి. మసి పడుతది. ముదురు రంగుది కట్టుకో" అన్నాను.

"పడనీ. కనబడాలె గద."

నాకు అర్థం కాలేదు. అమ్మ చీర మడత పెడుతూ చెప్పింది. "మీ బాపు అంగీలు ఉతికి ఉతికి చేతులు నల్లగైనయ్ నాకు. ఎన్ని తాపల పిండినా నీళ్లు నల్లగనే వస్తుండె. ఎవ్వరికి చూపెట్టుకుంట? ఒక్కసారి నా చీర మీద పడనీ."

పెళ్లిళ్ల సీజను, చేతినిండా ఆర్డర్లు. అన్నీ పక్కన పెట్టి ఆ చీరకు కొత్త జాకెట్టు కుట్టాను. ఇన్నేళ్లలో అంత శ్రద్ధగా ఏ పెళ్లికూతురికీ కుట్టలేదని ఒప్పుకుంటాను.

ఇంతలో గోడ మీది క్యాలెండరు అడ్డం పడింది. శనివారం పొద్దు పొడుస్తూనే దుర్ముహూర్తం. మేము ఇల్లు కదలాల్సింది సరిగ్గా అప్పుడే. ఆలస్యంగా బయలుదేరితే బండి అందదు. ఆదివారానికి మార్చుకుందామా అంటే సీట్లు లేవు. నేను తల పట్టుకున్నాను. అమ్మ మాత్రం ఏ కంగారూ లేకుండా, "పస్తానం పెడదాం" అంది.

ప్రస్థానం అంటే తెలియనివాళ్లకు చెబుతాను. బయలుదేరే వేళ మంచిది కాకపోతే, ముందురోజే మంచి ఘడియ చూసి మన సంచి తీసుకుపోయి ఇంకొకరి ఇంట్లో పెడతాం. సంచి గడప దాటితే మనిషి గడప దాటినట్టే లెక్క. మర్నాడు ఏ వేళకు బయలుదేరినా దోషం ఉండదు, సంచి తీసుకుని అట్నుంచి అటే పోవాలి. సంచిని మళ్లీ ఇంటికి తేకూడదు, దాన్ని వదిలేసి పోకూడదు.

కాజీపేటలో అమ్మకు ఇది రోజూ ఉండే పనే. బాపు డ్యూటీకి వేళాపాళా ఉండేది కాదు. రాహుకాలమైనా వర్జ్యమైనా పిలుపొస్తే పోవాల్సిందే. అందుకని అమ్మ ఆయన తలకు చుట్టుకునే ఎర్ర గీతల తువ్వాలను ఎప్పుడూ పక్క క్వార్టర్‌లోనే ఉంచేదట. బాపు దీన్ని ఎగతాళి చేయని రోజు లేదు. అయినా పక్కింటికి పోయి ఆ తువ్వాల తీసుకోకుండా ఇంజనెక్కిన రోజూ లేదట.

శుక్రవారం మంచి ఘడియలో అమ్మ సంచి సర్దింది. నీళ్ల సీసా, మందులు, దువ్వెన, ఆధార్ కార్డులు. అన్నిటి కిందా ఒక పాత తువ్వాల పెట్టడం నా కంటబడింది. వెలిసిపోయిన ఎర్ర గీతలు.

"బాపు రానంటుండు గద. గిదెందుకు?" అన్నాను.

"రాకుంటె రాకపాయె. తువ్వాల పోతది" అంది అమ్మ.

ఆ మాట కావాలనే కాస్త గట్టిగా అంది. వసారాలో బాపు ముందు పేపరు గోడలా నిలబడి ఉంది. పేజీ మాత్రం తిరగలేదు. మేము సంచి తీసుకుపోయి పక్కింటి అక్కకు ఇచ్చివచ్చాం.

శనివారం తెల్లవారుతూనే నేను వెళ్లేసరికి అమ్మ మీగడ రంగు చీర కట్టుకుని, తలలో పూలు పెట్టుకుని, డబ్బాల బుట్టతో తయారైంది. బాపు ఇంట్లో లేడు. మా ముఖాలు చూడలేక పొద్దున్నే టీకి పోయుంటాడనుకున్నాం. పక్కింటికి వెళ్లి తలుపు కొడితే అక్క కళ్లు నులుముకుంటూ వచ్చింది.

"సంచా? మీ బాపు గింత చీకటుండంగనే వచ్చి తీస్కపాయె. మీరే పంపిండ్రనుకున్న" అంది.

నాకు ఎక్కడో కాలింది. సంచి లేకుండా అమ్మ కదలదు, ఆ సంగతి బాపుకు తెలుసు. మమ్మల్ని ఆపడానికే ఎత్తుకుపోయాడు, ఇంకేముంది. ఫోను చేస్తే ఎత్తడు. నేను ఆ గల్లీలోనే నిలబడి ఆయన్ను తిట్టని తిట్టు లేదు. అమ్మ తిట్టలేదు. పక్కింటి అరుగు మీద కూర్చుని, కొత్త జాకెట్టు చెయ్యి సవరించుకుంటూ, "నేను బొగ్గునా, బియ్యమా బిడ్డ" అంది. ఎప్పుడూ అనే ఎగతాళి లేదు ఆ మాటలో. దాన్ని మొదటిసారి విన్న రోజు ఆమె ముఖం ఎలా ఉందో నాకు అప్పుడు తెలిసింది.

"లే అమ్మా, బస్టాండ్ల ఉంటడు. సంచి గుంజుకొని పోదాం" అని చెయ్యి పట్టి లేపాను. దారి పొడుగునా ఆయన్ను అడగాల్సినవన్నీ నోట్లో పేర్చుకుంటూ నడిచాను.

బస్టాండులో బెంచీ మీద బాపు కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, నున్నగా గీసిన గడ్డం. ఒడిలో మా సంచి. మెడలో ఎర్ర గీతల తువ్వాల.

మమ్మల్ని చూస్తూనే లేచి, "గిదేనా వచ్చుడు? డ్యూటీకి పోయేటోళ్లు గిట్లనే పోతరా? పట్నం బస్సు ఒకటి పోనే పాయె" అని మా మీదే అరిచాడు.

నేను పేర్చుకున్న మాటలన్నీ ఎటు పోయాయో. "రానంటివి గద!" అన్నాను.

"నేనేడ వస్తున్న? తువ్వాల నిన్ననే ఎల్లింది. తువ్వాల పోయినంక నేను ఇంట్ల ఉంటె ఎట్ల?" అన్నాడు, చాలా కోపంగా. అమ్మ నవ్వు దాచుకోవడానికి మన్నెగూడ దాటేదాకా బస్సు కిటికీలోంచి బయటికే చూసింది.

స్టేషనులో ఇంజను నల్లగా నిగనిగలాడుతూ ఆవిరి వదులుతోంది. జనం ఎగబడి ఫోటోలు తీసుకుంటున్నారు. బాపు దూరంగా నిలబడిపోయాడు. అమ్మే ఆయన్ను ముందుకు తోసి, "పో, పోయి ముట్టుకో. మేము సీట్ల కూసుంటం" అంది. బాపు చాలాసేపు ఇంజను వంక చూశాడు. తర్వాత సంచి భుజానికి తగిలించుకుని, "వద్దు తియ్. ఇయ్యాల నా జాగ ఎనక" అని మాకన్నా ముందే డబ్బా ఎక్కి, అమ్మకు చెయ్యందించాడు.

బండి కదిలింది. కూత పెట్టగానే డబ్బాలో అందరూ ఉలిక్కిపడ్డారు, మా ఇద్దరు ముసలివాళ్లు తప్ప. ఊరు దాటాక గాలికి పొగ మా కిటికీలోకి తిరిగింది. అమ్మ చీర మీద నల్లటి నలుసులు రాలాయి. బాపు గబగబా తువ్వాలతో దులపబోతే అమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది.

"ఉండనీ. నలుగురు చూడనీ."

ఎదుటి సీట్లో ఎవరో ఒకామె, మర్యాదస్తురాలు, అమ్మ చీర చూసి అయ్యో అంది. బాపు బొగ్గు ఇంజను మీద చేశాడని నా ద్వారా అప్పటికే విన్నది. ఆ డబ్బాలో నేను చెప్పనివాళ్లెవరు? "ఐతే అమ్మా, మీరు అప్పట్ల గిసొంటి బండ్లు మస్తు ఎక్కి ఉంటరు గద?" అని అడిగింది.

అమ్మ బాపు వైపు చూసింది. ఇన్నేళ్ల ఆ మాటను నలుగురిలో ఆయన ముందు పెట్టడానికి ఇంతకన్నా మంచి అదను రాదు. కానీ అమ్మ నోరు తెరిచేలోపే బాపు అందుకున్నాడు.

"ఎక్కలే. ఇయ్యాలనే ఎక్కిచ్చిన" అన్నాడు.

ఎక్కిచ్చిన, అట! బండి ఉందని కనిపెట్టింది నేను. టికెట్లు తీసింది నేను, జాకెట్టు కుట్టింది నేను, ఆయన చేత తిట్లు తిన్నది నేను. మామూలు రోజైతే అక్కడే అడిగేసేదాన్ని. కానీ మసి పడిన మీగడ రంగు కొంగును అందరికీ కనిపించేలా ముందుకు లాక్కుని, మొగుడి పక్కన మహారాణిలా కూర్చున్న మా అమ్మను చూశాక, ఆ మాట ఆయనకే వదిలేశాను.