బందరు అచ్చుకు జోడీ

మొన్న మా పాతబస్తీలో ఒక మ్యూజియంలో బందరు రేవు వస్తువులు పెట్టారంటే వెళ్లాను. ఓడ లంగరు, తూకపు రాళ్లు, లాంతర్లు దాటాక అద్దాల పెట్టెలో ఒక కలంకారీ అచ్చు కనిపించింది. దీని జోడీ ఏదని అక్కడి ఉద్యోగినితో వాదన పెట్టుకున్నాను. ఇది గీతలు వేసేది మాత్రమే, పువ్వులో ఎరుపు నింపే అచ్చు వేరే ఉంటుంది, సగం వస్తువు పెట్టి బందరు చరిత్ర అంటే ఎలా? ఆవిడ నవ్వి, పక్కవాళ్లకు లాంతర్లు చూపించడానికి వెళ్లింది.

మా అమ్మది బందరు, అద్దకం పనివాళ్ల ఇల్లు. ఇక్కడి శాలిబండకు కాపురానికి పంపేటప్పుడు గీతల అచ్చు అమ్మకిచ్చి, రంగు అచ్చు మా మేనమామ దగ్గర ఉంచుకున్నారు. ఆడపిల్ల పుట్టింటికి వస్తే తప్ప ఆ పువ్వు పూర్తికాకూడదని వాళ్ల ఆలోచన. ప్రతి వేసవిలోనూ అమ్మ ఆ అచ్చును పాత చీరలో చుట్టుకుని మమ్మల్ని రైలెక్కించేది, తిరిగొచ్చేటప్పుడు పెట్టెలో అక్కాతమ్ముళ్లు కలిసి అద్దిన కొత్త దుప్పటి ఉండేది. మా నాయనమ్మకు ఇదంతా వేళాకోళం. "ఆ చెక్కముక్కకు గూడ టికెట్ తీస్తవా ఏంది?" అనేది.

డెబ్బైల చివర్లో, మీలో నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ తీరాన్ని ఉప్పెన ముంచేసింది. మేనమామ జాడ తెలియలేదు. పొరుగింటి చాచీ తన రేడియో తెచ్చి మా అరుగు మీద పెట్టింది; వార్తల్లో ఊళ్ల పేర్లు చదువుతున్నంతసేపూ అమ్మ అచ్చును ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. రోజుకో లొల్లి లేనిదే పొద్దుపోని నాయనమ్మ గొంతు తగ్గించి, "ఫికర్ చెయ్యకు బిడ్డా, వస్తడు" అంటూ అమ్మ పనులన్నీ తనే అందుకుంది.

ఒక మధ్యాహ్నం మేనమామ గుమ్మంలో నిలబడ్డాడు. ఎవరిదో వదులు చొక్కా, ఖాళీ చేతులు. లోపలికి రాలేదు.

"అక్కా, అచ్చు కొట్టుకుపోయింది. ఇల్లు కూడా" అన్నాడు, ఆ వరసలోనే.

అమ్మ విసురుగా వెళ్లి చెంప మీద ఒక్కటిచ్చింది. "అచ్చు సంగతి ఎవరడిగార్రా నిన్ను! ఇన్నాళ్లూ నన్ను చంపుకుతిన్నావు కదరా!" అంటూ మెడ కావలించుకుని ఏడ్చింది.

"ముందుగాల బువ్వ పెట్టవే, కొట్టుడు తర్వాత" అంటూ నాయనమ్మ కంచం తెచ్చింది.

ఇప్పుడు తుఫాను వచ్చిందంటే చాలు, చెన్నైలో ఉన్న మా తమ్ముడు బాగున్నానని ఫోన్లో ఒక్క ముక్క పంపుతాడు. క్షణంలో వస్తుంది, మంచిదే, నేను కాదన్నానా? కానీ ఆ ముక్కను లోపలికి లాగి, ఒక్కటిచ్చి, ఎదురుగా కూర్చోబెట్టుకుని అన్నం పెట్టలేను కదా.