గోరేబాళ గట్టు మీది దోమ

అక్క పోయాక నేను కాలేజీకి తిరిగి వెళ్లిన మొదటి వారంలోనే ఆ రైతు వచ్చాడు. రాయచూరులో మా ఇంట్లో ఉండేది అక్కా నేనూ, ఇద్దరమే. ఆమె బజారులో బట్టల దుకాణం నడిపేది. నేను వ్యవసాయ కాలేజీలో పురుగుల గురించి పాఠాలు చెబుతాను. ఒక పొద్దున అక్క దుకాణం తాళం తీస్తూ అక్కడే కూలబడింది. చేయవలసినవన్నీ నేనే దగ్గరుండి చేయించాను. ఏడుపు రాలేదు. వస్తుందేమోనని కొన్నాళ్లు చూశాను. తర్వాత చూడటం మానేశాను.

రైతుది గోరేబాళ అనే ఊరు. కోస్తా నుంచి వచ్చి కాలువ కింద వరి వేసుకుని స్థిరపడిన కుటుంబం. నా బల్ల మీద ప్లాస్టిక్ సీసా పెట్టాడు. అందులో గోధుమరంగు పురుగులు, ఒక్కొక్కటి బియ్యపుగింజలో సగం ఉన్నాయి.

"వరికి రసం పీల్చే సుడిదోమ దిగిందండీ మేడమ్ గారూ. పక్క చేనోళ్లు మందు కొట్టేశారు. మమ్మల్నీ మందు కొట్టమంటారా?"

మైక్రోస్కోపు కింద పెట్టి చూశాను. వెనక కాలికి కదిలే ముల్లు ఉంది. చూపుకు సుడిదోమే. కానీ అచ్చం అలాగే ఉండి, వరి జోలికి పోనివి కూడా ఉంటాయి. మగపురుగు పొట్ట చివరను క్షారంలో కాచి, లోపలి కొక్కేల ఆకారం చూస్తే గాని తేలదు.

"ఇప్పుడే కొట్టకుండ్రి," అన్నాను. "పెద్దవి ఎగురుకుంట ఏ మొక్క మీదనన్నా వాల్తయి. రెక్కలు రాని పిల్లలు యాడున్నయో చూడాలె. నేనొస్త."

మర్నాడు వెళ్లాను. మోకాళ్ల దాకా బురదలో నడుస్తూ వరి దుబ్బులు విడదీసి మొదళ్లు చూశాను. పెద్దవి అక్కడొకటి ఇక్కడొకటి కనిపించాయి. పిల్లలు లేవు. కాలువ గట్టు వారన మాత్రం వరిలాగే ఉండే గడ్డి ఒకటి దట్టంగా ఉంది. ఆకు అంచు వేలిని గీరుతుంది. దాన్ని తెల్ల పళ్లెం మీదికి దులిపితే పిల్లలు జలజలా రాలి, పక్కకు పాకాయి. మునుపైతే ఇలాంటిది దొరికినప్పుడు గుండె దడదడలాడేది. ఆ రోజు పళ్లెం పట్టుకుని ఊరికే నిలబడ్డాను. రైతే అడిగాడు, "ఏవండీ, దొరికిందా?" అని.

మధ్యాహ్నం వాళ్లింట్లో భోజనం. రైతు భార్య నెయ్యి వేస్తూ అడిగింది.

"ఇంటి దగ్గర ఎవరెవరుంటారమ్మా?"

"నేను, మా అక్క."

"అక్కగారేం చేస్తారండీ?"

"బట్టల దుకాణం ఉంది."

అబద్ధం చెబుతున్నానని తెలుసు. ఎక్కడా నొప్పి లేదు, మాట కూడా తడబడలేదు. ఆమె వద్దన్నా వినకుండా అక్కకని పులిహోర కట్టి ఇచ్చింది. "చల్లారినా బాగుంటుందని చెప్పండమ్మా," అంది. సరేనన్నాను. ఇంటికి వచ్చి వంటింట్లో నిలబడే అంతా తిన్నాను. ఆకలి వేసి కాదు, పారేయబుద్ధి కాక.

కాలేజీలో కొన్ని పిల్లల్ని కుండీలోని వరి మీద, కొన్నిటిని ఆ గడ్డి మీద వదిలి గుడ్డ కప్పాను. వరి మీదివి రసం తాగలేక ఒక్కొక్కటే చచ్చిపోయాయి. గడ్డి మీదివి పొర విడిచి, రెక్కలు తెచ్చుకున్నాయి. కొక్కేల ఆకారం కూడా సుడిదోమది కాదని తేలింది. దాని దగ్గరి జాతి ఇది. ఆ గడ్డి మీదే బతుకుతుంది.

రైతుకు ఫోన్ చేశాను. "అది మీ వరిని ఏం చెయ్యదు. మందు అక్కర్లేదు. గట్టు మీది గడ్డిల ఉంటది, ఉండనియ్యిండ్రి."

"బతికించారమ్మా," అన్నాడు. పెద్దగా నవ్వాడు. వెనక భార్య ఏదో అడుగుతుంటే ఆమెకూ చెప్పాడు. వాళ్ల సంతోషం ఫోన్‌లో స్పష్టంగా వినిపించింది. మంచిదన్నాను.

తర్వాత పురుగును సూదికి అమర్చి, కింది చీటీ మీద ఊరి పేరు, గడ్డి పేరు రాశాను. గంట కొట్టారు. చాక్‌పీసు తీసుకుని క్లాసుకు వెళ్లాను.