ఏలూరు తివాచీల్లో ఏడు ఎరుపులు

2004లో ఏలూరు పవర్‌పేటలో ఒక చిన్న కంప్యూటర్ సెంటర్‌లో డేటాబేస్ పాఠాలు చెప్పేదాన్ని. ఆరు కంప్యూటర్లు, పన్నెండు మంది విద్యార్థులు. పుస్తకంలో శాంపిల్ డేటాగా ఇచ్చిందంతా ఏదో విదేశీ కంపెనీ ఉద్యోగుల చిట్టా. ఆ పేర్లు పలకడానికి నాకే నోరు తిరిగేది కాదు.

"వాళ్ళ మేనేజరు ఎవరైతే మనకేంటి మేడమ్?" అని పెంటపాడు నుంచి వచ్చే సత్యవతి ఓ రోజు అడిగేసింది. ముందు ఒళ్ళు మండింది. ఇంటికెళ్ళాక, ఆ పిల్ల అడిగిందే న్యాయమనిపించింది.

మన ఊరి డేటా కోసం వెతికాను. ఒక ఆఫీసులో "ఇవ్వకూడదండీ" అన్నారు. ఇంకోచోట టీ ఇచ్చి పంపేశారు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది నా పని. తీరా చూస్తే, నా క్లాసులోని షమీమ్ వాళ్ళ నాన్న కరీం గారికి తంగెళ్ళమూడిలో తివాచీ మగ్గాలున్నాయి.

"మా ఇంట్లో పదకొండు డిజైన్ పుస్తకాలున్నాయండీ. వాటిల్లో కావాల్సిన డిజైన్ ఒకటి దొరక్క మా నాన్న అన్నం కూడా సరిగ్గా తినట్లేదు" అంది షమీమ్.

ఎప్పుడో నేయించుకున్న తివాచీకి జోడీ కావాలని ఒకరు చిన్న ముక్క పంపారట. దాని డిజైన్ దొరికితే ఖాళీగా ఉన్న మూడు మగ్గాలు ఆడతాయి. దొరక్కపోతే ఆర్డరు చెయ్యి జారిపోతుంది. ఆ పుస్తకాల్లో తేదీల్లేవు, వరసా లేదు.

పిల్లలు వారం కూర్చుని డిజైన్లన్నీ టేబుల్‌లోకి, అంటే గడుల పట్టికలోకి ఎక్కించారు. కరీం గారు ముక్క పట్టుకుని వచ్చారు. మధ్యంతా ఎరుపు, చుట్టూ తీగ అంచు. సత్యవతి క్వెరీ కొట్టింది. క్వెరీ అంటే పట్టికను మనం అడిగే ప్రశ్న. డెబ్బైకి పైగా డిజైన్లు వచ్చిపడ్డాయి. నాకు తల కొట్టేసినట్టయింది.

కరీం గారు నవ్వారు. "ఎరుపంటే ఏ ఎరుపండీ? మా దగ్గర ఏడున్నాయి."

ఆ పుస్తకాల్లో ప్రతి పేజీ అంచునా రంగు ఉన్ని పోగులు కుట్టి ఉన్నాయి. అవి అలంకారమనుకుని వదిలేశాం! పిల్లల్ని అనడమెందుకు, నేనూ అలాగే అనుకున్నాను.

ఆయన వరండా నీడలో కూర్చుని ముక్కలోని ఉన్నిని వేళ్ళతో విడదీశారు. "పైన వెలిసిపోద్దండీ. అసలు రంగు అడుగున ఉంటది" అంటూ పోగుల్ని పోల్చి ఏడు ఎరుపులకూ నంబర్లు పెట్టి, ముక్కలోది ఏ నంబరో చెప్పారు. ఏ డిజైన్‌లో ఏ ఎరుపుందో ఎక్కిస్తూ షమీమ్ రంగులకు వేరే టేబుల్ చేసింది. రెండు టేబుళ్ళను కలిపే జాయిన్, నేను నెల్లాళ్ళు చెప్పినా ఎక్కనిది, ఆ మధ్యాహ్నం అందరికీ ఎక్కింది.

ఈసారి మూడే వచ్చాయి. రెండోది తొమ్మిదో పుస్తకంలోది. కరీం గారు పేజీ తీసి ముక్కను దాని మీద పెట్టారు.

"ఇదేనండీ! ఇదేనమ్మా షమీమ్!"

క్లాసంతా బల్లలు చరిచింది. నేనూ చరిచాను. ఆ వారంలోనే మూడు మగ్గాలూ ఆడాయి.

జవాబు కోసం ఎదురుచూసే మనిషి ఒకరుంటే పాఠం దానంతటదే వస్తుందని నాకు ఆరోజు తెలిసింది. కరీం గారిచ్చిన ఏడు ఉన్ని పోగుల్ని క్లాసు గోడకు తగిలించాను. మరుసటి ఏడాది సత్యవతి నా దగ్గరే టీచరుగా చేరింది. కొత్త విద్యార్థి ఎవరైనా గడిలో 'ఎరుపు' అని కొట్టి ఊరుకుంటే, గోడకేసి చూపించి అడిగేది:

"ఏ ఎరుపండీ?"