ఓడినామెకు గంప ఎత్తిందెవురు?

మంగళవారం పొద్దున స్కూలుకు పోతూ బస్సులో ఉండగా తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, అత్త పోయింది" అన్నాడు, అంతే. మైపాడు నుంచి ఆ ఫోన్ వస్తుందని నాలుగు రోజులుగా తెలుసు. ముందు ఏడుపు రాలేదు. అత్తకు చెప్పాల్సిన మాట ఒకటి నా దగ్గరే ఉండిపోయిందని గుర్తొచ్చింది. అదేంటో చెప్పాలంటే ముందు అత్తకున్న పిచ్చి గురించి చెప్పాలి.

అత్త అంటే మా నాన్నకు అక్క. మైపాడులో ఎండుచేపలు అమ్మేది. పెళ్ళయిన రెండో ఏడే మామ సముద్రంలో చేపల వేటకు పోయి తిరిగి రాలేదు. పిల్లల్లేరు. చదివింది ఐదో తరగతి. అలాంటి మనిషికి ఆకాశంలో ఎగిరే వీరనారులన్నా, వాళ్ళ మీదికి దిగే దుర్మార్గపు ఆడవాళ్ళన్నా ప్రాణం. బొమ్మల పుస్తకంలో గానీ సినిమాలో గానీ ఇద్దరు ఆడవాళ్ళు ఎదురెదురుగా నిలబడ్డారంటే ఇక అత్త ఈ లోకంలో ఉండేది కాదు. నవ్వొస్తే నవ్వండి, ఊరంతా నవ్వింది.

ఈ పిచ్చి ఎండుచేపల వల్లే పట్టుకుంది. పొట్లాలు కట్టడానికి నెల్లూరు నుంచి పాత కాయితాల కట్టలు తెప్పించుకునేది. వాటిలో రంగుల బొమ్మల పుస్తకాల ముక్కలు వచ్చేవి. ఒకదానికి మొదలుండదు, ఇంకోదానికి చివరుండదు. అత్త వాటిని ఏరి, కూడబలుక్కుంటూ చదివి, అంగట్లో తను కూర్చునే చాప కింద దాచుకునేది. దుడ్డు కాస్త చేతిలో ఆడితే నన్ను వెంటబెట్టుకుని నెల్లూరులో డబ్బింగ్ సినిమాకు బస్సెక్కేది. తెర మీద మగవాళ్ళు కొట్టుకుంటుంటే హాయిగా కునుకు తీసేది. ఏంటత్తా అంటే, మగోళ్ళ కొట్లాటలు రేవులో రోజూ చూసేవే, దానికి టికెట్ కూడానా అనేది. ఆడవాళ్ళ పోరు మొదలైతే మాత్రం నేనే లేపాలి, లేపకపోతే తంటా. చూస్తూ చూస్తూ తప్పులు పట్టేది. "కొట్లాటకు పోతా జుట్టు విరబోసుకోని పోతారామే ఎవురన్నా? ముడి బిగించి గదా పోవాల!" అని గట్టిగానే అనేసేది. ముందు వరసలో వాళ్ళు వెనక్కి తిరిగి చూసేవాళ్ళు.

కొట్లాటలో జుట్టు సంగతి అత్తకు బాగా తెలుసు. రేవులో ఆమెకు ఒక శత్రువు ఉండేది. ఎప్పుడూ తన ఎదురుగానే గంప దించుతుందని ఎదురు గంప ఆమె అనే అనేది అత్త, పేరు పలికేది కాదు. ఒకరోజు పడవ ఒడ్డుకొచ్చాక వేలం పాటలో నెత్తళ్ళనే చిన్న చేపలు నావంటే నావని ఇద్దరూ పట్టుకున్నారు. నిజంగానే పట్టుకున్నారు, జుట్లు. అత్త ఆమె చెయ్యి కొరికింది. ఆమె అత్తను ఇసకలో పడేసి మీద కూర్చుంది. పెద్దవాళ్ళు వచ్చి విడదీశారు. నేను ఏడుస్తూ నిలబడ్డాను. చివరికి పాట అత్తదేనని తేల్చి, ఎవరి దారిన వాళ్ళు పోయారు.

పచ్చిచేప నిండిన గంపను ఎంత బలమున్న మనిషైనా ఒక్కతే నెత్తికెత్తుకోలేదు. ఎదురుగా ఇంకొకరు నిలబడి చెయ్యి వేయాలి. మా రేవు ఆడవాళ్ళకు అందులో ఒక కట్టుబాటు ఉంది. ఎంత తిట్టుకున్నా, కొట్టుకున్నా, అవతలి మనిషి గంప నేల మీద ఉండగా ఇంటికి పోకూడదు. ఆ రోజు ఎదురు గంప ఆమె సగం దూరం పోయి, వెనక్కి తిరిగి చూసి, మళ్ళీ వచ్చింది. కొరికిన చేతి నుంచి ఇంకా రక్తం కారుతోంది. ఆ చేత్తోనే గంపకు ఒక పక్క పట్టి అత్త నెత్తి మీద పెట్టి, చేతులు దులుపుకుని వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి మళ్ళీ మామూలే, తిట్లే తిట్లు. నాకు అర్థం కాక అడిగితే అత్త, "తగువు తగువే, గంప గంపే" అంది.

ఇక నా సంగతి. నాకు పదకొండేళ్ళప్పుడు ఒక కట్టలో ఒక పుస్తకం దాదాపు పూర్తిగా దొరికింది. నీలం బట్టలామె మబ్బుల్లోంచి దిగుతుంది. ఇనప గోళ్ళామె సముద్రంలోంచి లేస్తుంది. అత్త సంబరం చూడాలి! ఒక్కసారిగా చదివేస్తే అయిపోతుందని రోజుకు రెండు పేజీలే చదివేది. చివరి కాయితం ఆదివారానికి అట్టిపెట్టుకుంది. శనివారం ఆమె స్నానానికి పోతూ నన్ను అంగట్లో కూర్చోబెట్టింది. ఒకామె వచ్చి అరకిలో నెత్తళ్ళు అడిగింది. చేతికందే చోట కాయితాల్లేవు. చాప కిందికి చెయ్యి పోనిచ్చి, అందిన పుస్తకంలోంచి చివరి కాయితం సర్రున చించి పొట్లం కట్టిచ్చాను. దాని మీద ఏముందో కూడా చూడలేదు. నా చేతులు పడిపోను.

మర్నాడు అత్త చాప ఎత్తి, దులిపి, అంగడంతా వెతికింది. నేను నోరు విప్పలేదు. చివరికి, "నేనే మతిలేక కట్టిచ్చుంటా" అని తనను తానే తిట్టుకుంది. నేను అప్పుడూ నోరు విప్పలేదు. ఆ తర్వాత చదువుకున్నాను, టీచరయ్యాను, అబద్ధం చెప్పకూడదని పిల్లలకు పాఠాలు చెప్పాను. ఇరవై మూడేళ్ళు ఆ ఒక్క మాట మింగి కూర్చున్నాను.

పోయినేడు అత్తకు రొమ్ములో గడ్డ అని తేలింది. గడ్డ ఉందని అత్తకు తెలిసి అప్పటికే ఏడాది దాటిందట. ఎవరికీ చెప్పలేదు. అడిగితే, ముల్లు గుచ్చుకోని వాచిందేమో అనుకున్నానంది. వైద్యానికి నెల్లూరులో మా ఇంట్లోనే ఉంచుకున్నాను. మందుల ధాటికి జుట్టు ఊడిపోయింది. అద్దం చూసి, ఇంక నన్ను ఎవురూ జుట్టు పట్టుకోని పడేయలేరని నవ్వింది. ఆ నవ్వు చూడలేక నేను వంటింట్లోకి పోయాను. సాయంత్రాలు నా ఫోన్‌లో వీరనారుల పోరాటాలు పెట్టేదాన్ని. తలనొప్పి వల్ల సౌండ్ తీసేయమనేది. మేడలు కూలుతుంటాయి, కార్లు ఎగురుతుంటాయి, అత్త చప్పుడు లేకుండా చూస్తుండేది. ఎవరు గెలిచినా ఒకటే అడిగేది, ఆ పడిపోయినామెను అట్టా వదిలేసి పోయినారేందిమే అని.

చివర్లో డాక్టర్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. శుక్రవారం పొద్దున తమ్ముడి ఆటో కోసం చూస్తున్నాం. అత్త గోడకు ఆనుకుని కూర్చుని, "ఆ బొమ్మల పుస్తకంలో కడాకు ఎవురు గెలిచినట్టు?" అంది.

చెప్పేయాల్సింది అప్పుడే. నేను ఏం చేశానో చూడండి. ఇంటర్నెట్‌లో దొరికిందత్తా, చదివానన్నాను. నీలం బట్టలామె గెలిచింది, రెండో ఆమె సముద్రంలో పడిపోయింది, అంతటితో కథ అయిపోయిందన్నాను. ఒక అబద్ధం మీద ఇంకొకటి.

అత్త నా వైపు తిరిగింది.

"ఓడినామెకు గంప ఎత్తిందెవురు?"

అది అందులో లేదత్తా అన్నాను.

"అయితే నువ్వు చూళ్ళేదు. ఆ రోజు పొట్లం కట్టేటప్పుడన్నా ఒక్కసారి చూసి కట్టుండకూడదామే" అంది.

నీకెలా తెలుసత్తా అన్నాను. పొట్లం తీసుకుపోయినామె, అత్త వెతికిన మర్నాడే అంగడికొచ్చి మాటల్లో చెప్పిందట, మీ పాప బొమ్మల కాయితంలో కట్టిచ్చిందని. అత్త కాయితం అడిగితే పొయ్యిలో పెట్టేసినానన్నదట. మరి నన్నెందుకు తిట్టలేదని అడిగాను. "తిడితే నువ్వు మళ్ళా నా కాడికి రావు గదా" అంది, ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు. నేను చెయ్యి పట్టుకుని క్షమించమని అడగబోయాను. అంతలో ఆటో వచ్చింది. తమ్ముడు తొందరపెట్టాడు. ఆదివారం వస్తాను కదా, అప్పుడు అడుగుదామనుకున్నాను. ఆదివారం నేను వెళ్ళేసరికి అత్తకు తెలివి లేదు.

మంగళవారం మధ్యాహ్నం పాడె కట్టారు. చాప కింద మిగిలిన బొమ్మల కాయితాలు నేనే తీసి అత్త పక్కన పెట్టాను. నలుగురు మగవాళ్ళు పాడె లేపడానికి వంగారు. అప్పుడు ఎదురు గంప ఆమె జనంలోంచి వచ్చింది. ముసలిదైపోయింది, మోకాళ్ళు వంగడం లేదు. ఆడవాళ్ళు పాడె ముట్టకూడదని ఎవరో అంటున్నా ఆగలేదు. కొంగు నడుముకు చెక్కుకుని, తల వైపు వెదురు కింద చెయ్యి వేసి, రేవులో ఎత్తినట్టే ఒక్క ఊపున వాళ్ళ భుజాలకు అందించింది. ఆమె చేతి మీద అత్త పళ్ళ గాటు మచ్చ ఇంకా ఉంది.

నేను ఆమెకు రెండడుగుల దూరంలోనే ఉన్నాను. చెయ్యి చాస్తే వెదురు అందేది, చాచలేదు. ఆమె ఆ రోజులాగే చేతులు దులుపుకుని రేవు వైపు వెళ్ళిపోయింది.