నాలుగో వరుస, నాలుగో పలక

మా పక్కింటి డ్రాయింగ్ సారు పోయారని ఐదు నెలల కింద ఒక సోమవారం పొద్దున పాలామె వాకిట్లోనే చెప్పింది. నిద్రలోనే గుండె ఆగిందట. పదో తరగతి తర్వాత నేను ఇంత రాసింది లేదు. దేవుడి ముందు ఎన్నిసార్లు చెప్పుకున్నా తేలిక కాని మాట ఒకటుంది, అందుకే కలం పట్టాను.

ఆయనకు చెవి మీద ఎప్పుడూ ఒక బలపం ముక్క ఉండేది. పిల్లలు తప్పు గీస్తే చెరిపేవాడు కాదు. “గీత ఎటు పోతాదో చూడు, నువ్వు లాగమాక” అనేవాడు. కొత్త జిల్లాలు వచ్చిన ఏడాది రిటైరయ్యాడు. పలకల ఫ్యాక్టరీ నుంచి అంచు విరిగిన పలకలు తెచ్చి, చట్రాలు కట్టి, వీధి గోడకు ఏడు వరుసల్లో ఏడేసి తగిలించాడు. ఒక్కో పలక మీద మా వీధివాళ్ళ ముఖం ఒకటి గీశాడు. నాలుగో వరుసలో తన ముఖం, దాని పక్కన మా అమ్మాయిది.

ఆట ఇది. వచ్చినవాళ్ళు ఏడు గవ్వలు రెండుసార్లు వెయ్యాలి. వెల్లకిలా పడినవి లెక్కపెడితే మొదట వరుస, తర్వాత పలక తెలుస్తాయి. ఆ పలకను తడిగుడ్డతో తుడిచి, తమకు తోచింది గీయాలి.

మొదట్లో అంతా నవ్వులే. ఎదురింటి దుకాణం భాయి, “సారూ, నన్ను తుడిచిందెవురు? మీసమన్నా మిగిల్చొచ్చు గదా!” అన్నాడు. ఆ వారమే మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. తర్వాత వీధి చివరి అవ్వ పలక తుడిచారు. మూడోనాడు అవ్వ లేదు. అప్పటినుంచి ఆడవాళ్ళు ఆ గోడ పక్కన నడవడం మానేశారు. “నా మొగం తీసెయ్ నాయనా” అని వచ్చినవాళ్ళకు ఆయనే తుడిచి పూలు గీసేవాడు.

నేను ఏ పనికైనా గుళ్ళో దేవుడి ముందు పూల పొట్లాలు పెట్టి అడిగేదాన్ని. ఎర్రపువ్వు వస్తే ఔను, తెల్లపువ్వు వస్తే కాదు.

ఒకసారి సారునే అడిగాను: “అన్నా, దేవుడికి తెలియకుండా గవ్వ పడతాదా?”

“నువ్వు అడుగుతావు చెల్లెమ్మా, నేను అడగను. అంతే తేడా. గవ్వకు మన మీద పగ ఏముంటాది?”

మా అమ్మాయి కాన్పుకు వచ్చింది. గోడ మీద తన ముఖం తీయించేద్దామని నేనంటే, “నీ భయాలు మళ్ళా మొదలుబెట్టినావా? నా బొమ్మ జోలికి పోమాక” అంది. ఒకరోజు ఇద్దరం గుడినుంచి వస్తుంటే సారు అరుగు మీద ఉన్నాడు. “నువ్వూ వెయ్యమ్మా, ఏమైతాదో చూద్దాం” అంటూ అమ్మాయే గవ్వలు నా చేతిలో పోసింది.

మొదట నాలుగు. తర్వాత ఐదు. నాలుగో వరుసలో ఐదో పలక నా బిడ్డది. దాని చూపు ఫోన్‌లో ఉంది. చీర కుచ్చిళ్ళు సర్దుకున్నట్టు వంగి ఒక గవ్వను బోర్లించాను. నాలుగైంది. ఆ పలక ఎవరిదో నాకు తెలుసు.

సారు చూశాడు. తడిగుడ్డ అందించాడు. అమ్మాయికి వినబడకుండా మెల్లగా అన్నాడు: “ఈ గవ్వల ఆటలో మనిషి ఏరిన పలక ఇదొక్కటే చెల్లెమ్మా. తల్లివి గదా, తుడువు.”

తుడిచాను. ఏమీ గీయకుండా ఇంట్లోకి వచ్చేశాను. నాలుగు రోజులకు అమ్మాయికి సుఖంగా కాన్పయింది. ఆడపిల్ల. సారు వచ్చి చూసి, “నీ ముక్కే వచ్చిందే” అని నన్ను ఆటపట్టించాడు. రెండు వారాలు తిరగకముందే పోయాడు.

గవ్వకు పగ లేదన్నాడు. ఆ మాట మిగతా పలకలన్నిటికీ చెల్లుతుంది. ఆ ఒక్క పలకకు చెల్లదు. ఎందుకంటే అక్కడ గవ్వ లేదు, నా వేళ్ళున్నాయి. ఆయన మాత్రం ఆ వేళ్ళను తప్పుపట్టలేదు. అంత పెద్ద మనసుకు నేనేమిచ్చాను?

ఈ కాగితాలు చదివినవాళ్ళు దాచండి. నా బిడ్డకు మాత్రం చూపకండి. అది రోజూ సాయంత్రం పసిదాన్ని ఎత్తుకొని ఆ గోడ ముందు నిలబడి, “ఇది నేనే, చూడు” అని తన బొమ్మ చూపిస్తోంది. పసిదాని చెయ్యి మాత్రం ప్రతిసారీ పక్కనున్న ఖాళీ పలక మీదికే పోతోంది.